పందెం కోడళ్ళు

పడవ పందేల నిబంధనల కాగితం బౌద్ధ విహారం గోడకి అంటించి మూడు రోజులైంది. బాన్ ఫాకెంగ్ ఊరి ఆడవాళ్ళందరూ దాన్ని చదివారు, చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకున్నారు. మూడోరోజు దాని మీద కోడి రెట్ట పడింది. ఎవరూ తుడవలేదు.

అందులో నాలుగు తరగతులున్నాయి. మగవాళ్ళ పెద్ద పడవ, యాభై మంది. మగవాళ్ళ చిన్న పడవ, ముప్పై మంది. ఊరి ఆడవాళ్ళ పడవ, ఇరవై ఎనిమిది మంది. చివరిది అందరి పందెం. దాంట్లో ఎవరు ఎక్కారని ఎవరూ అడగరు, క్లబ్బులూ కంపెనీలూ దిగేది అందులోనే. బువాఖాంకి సంబంధించింది మూడోది. పదకొండేళ్ళుగా ఊరి ఆడవాళ్ళ పడవకి వెనక నిలబడి చుక్కాని తెడ్డు పట్టేది ఆవిడే.

ఆ మూడో తరగతి కింద ఈ ఏడు కొత్తగా ఒక నిబంధన చేర్చారు. పడవలో కూర్చునే ప్రతి మనిషి పేరూ ఆ ఊరి కుటుంబ పుస్తకాల్లో ఉండాలి. కూతురైనా సరే, కోడలైనా సరే. ఒక్క పేరు తప్పని తేలినా పడవ మొత్తాన్ని ఆ తరగతిలోంచి తీసేస్తారు.

"మంచిదేగా," అంది మానీ, నోట్లో వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి తోసుకుంటూ. మానీకి యాభై ఎనిమిదేళ్ళు, మూడో బల్ల మీద కుడిపక్క చోటు ఆవిడది. "పోయినేడు ఆ దోన్‌సావ్ ఊరివాళ్ళ పడవలో సగం మంది పట్నం పిల్లలే. వాళ్ళ పీడ విరగడైంది."

బువాఖాం మనసు కోడలు పేంగ్ మీద ఉంది.

ఫాకెంగ్‌లో పెళ్ళైతే అల్లుడే మూట సర్దుకుని అత్తారింటికొస్తాడు. కోడలు ఇంటికి రావడం అరుదు, ఊరు మొత్తం మీద నలుగురుంటారు. బువాఖాంకి ఆడపిల్లల్లేరు, మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఖాంలా తల్లిని ఒంటరిగా వదిలి పోలేక కొండమీది ఖము తెగ ఊరినుంచి పేంగ్‌ని తెచ్చుకున్నాడు. ఆ పిల్ల వచ్చి రెండేళ్ళు. వచ్చినప్పుడు మోకాలిలోతు నీళ్ళంటే భయపడేది. రెండు ఖాళీ నూనె డబ్బాలు నడుముకి కట్టి బువాఖామే ఈత నేర్పింది. ఇప్పుడు తొమ్మిదో బల్ల మీద ఎడమపక్క కూర్చుని తెడ్డు వేస్తే, నీళ్ళు చిందకుండా కత్తి దిగినట్టు దిగుతుంది.

కానీ పేంగ్ పేరు పుస్తకంలో లేదు. కొండమీది ఊరినుంచి బదిలీ కాగితం రావాలి, దాని మీద మూడు ముద్రలు పడాలి. ఈ రెండేళ్ళలో బువాఖాం ఊరిపెద్ద థొంగ్‌విన్‌ని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. పోయిన మొగుడికి పినతండ్రి కొడుకు అతను, వరసకి మరిది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. వానలు తగ్గనీ వదినా. పంట కానీ వదినా. అవతలి ఆఫీసువాళ్ళు పంపలేదు వదినా.

అలాంటి మనిషి ఆ సాయంత్రం తనంతట తనే ఇంటికొచ్చాడు. చంకలో నల్లసంచి.

"వదినా, నిబంధన చూశావుగా. ఆ కుటుంబ పుస్తకం ఇలా ఇచ్చెయ్. కోడలి పేరు ఎక్కించేస్తా."

బువాఖాం తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. "ఇప్పుడా? మరి ముద్రలు?"

"పందెం పని కదా, అన్నీ తొందరగా అవుతాయి. నువ్వు పుస్తకం ఇవ్వు."

బువాఖాం పండగకని పెంచుతున్న బాతుని కోయించింది. పుదీనా, వేయించిన బియ్యప్పొడి, కారం దట్టించి లాప్ చేసింది. వెదురుబుట్ట నిండా జిగురన్నం పెట్టింది. థొంగ్‌విన్ వేళ్ళు నాక్కుంటూ తిని, ఆ వేళ్ళతోనే పుస్తకం అందుకుని సంచిలో పెట్టుకుపోయాడు. వెళ్ళగానే పేంగ్ బల్ల తుడుస్తూ నవ్వింది. "రేపటినుంచి నేను నిజంగా మీ మనిషినా అత్తా?"

"ఇన్నాళ్ళూ ఎవరి మనిషివే, పిచ్చిమొహమా."

మూడోరోజు పుస్తకం తిరిగొచ్చింది. నాలుగో పేజీలో బాతు కొవ్వు మరక. దాని పక్కన ఊదారంగు ముద్ర. కోడలు అన్న గడిలో గుండ్రని చేతిరాతతో ఒక పేరు. నాలీ, వయసు ఇరవైమూడు, ఖాంలా భార్య.

బువాఖాం రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి, కట్టుకున్న సిన్ లుంగీ అంచుతో వేళ్ళు తుడుచుకుంది. తుడిచినా ఆ కొవ్వు జిడ్డు వేళ్ళకి తగులుతూనే ఉన్నట్టనిపించింది. ఆ మరిది అబద్ధం కూడా ఆడలేదు. కోడలి పేరు ఎక్కిస్తానన్నాడు, ఎక్కించాడు. తనే ఆ మాట విని బాతుని కోయించింది.

ఆ మధ్యాహ్నానికల్లా ఊళ్ళోకి వ్యాన్ వచ్చింది. అందులోంచి తొమ్మిదిమంది పిల్లలు దిగారు, పట్నం క్లబ్బు వాళ్ళు. అందరికీ ఒకే నల్ల నిక్కరు, ఒకే నల్ల కళ్ళద్దాలు. భుజాలు మగపిల్లల్లా ఉన్నాయి. వాళ్ళని తొమ్మిది ఇళ్ళ పుస్తకాల్లో కోడళ్ళుగా రాయించాడట థొంగ్‌విన్. ఆ తొమ్మిదింట్లో ఒక ఇంట్లో కొడుక్కి పన్నెండేళ్ళు. ఇంకో ఇంట్లో కొడుకు బౌద్ధభిక్షువు.

"నలుగురికి మించి కోడళ్ళు లేని ఊళ్ళో వారంలో తొమ్మిది పెళ్ళిళ్ళు!" అంది మానీ. ఆవిణ్ణి మూడో బల్ల మీంచి తీసేశారు, ఇంకో ఏడుగురితో పాటు. ముసలివాళ్ళట, బరువట. "ఒక్క పెళ్ళిలోనూ నాకు సారా చుక్క పోసిన పాపాన పోలేదు. వీళ్ళు కోడళ్ళు కాదే బువా. పందెం కోళ్ళుంటాయి చూడు, కాలికి కత్తి కట్టి తెస్తారు, వీళ్ళు పందెం కోడళ్ళు."

గట్టు మీది ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. బువాఖాంకి నవ్వు రాలేదు. విహారం పాకలోంచి పడవని దించారప్పుడే. ముత్తాతల నాటి నాంగ్ కేసోన్, ఒకే మాను తొలిచిన పడవ. ఆ పడవలో ఉన్నది ఆడదేవత. చెప్పులతో ఎవరూ ఎక్కరు, ముక్కు మీంచి ఎవరూ దాటరు. నాలీ అనే పిల్ల బూట్లతోనే ముక్కుమీద కాలేసి లోపలికి గెంతింది. నోట్లో నములుతున్న బబుల్‌గమ్ తీసి తొమ్మిదో బల్ల కింద అంటించింది.

ఆ బల్లని పేంగ్ రెండు నెలలుగా రోజూ ఇసకతో తోమి కడుగుతోంది. గట్టుమీద తెడ్డు పట్టుకుని నిలబడి అంతా చూసింది ఆ పిల్ల. తర్వాత తెడ్డు తీసుకెళ్ళి ఇంటి చూరులో దోపేసింది.

బువాఖాం తిన్నగా ఊరిపెద్ద ఇంటికి నడిచింది. అతను అరుగు మీద పొగాకు చుట్టుకుంటున్నాడు.

"ఏం రాశావు మరిదీ నా పుస్తకంలో?"

"కోపం తెచ్చుకోకు వదినా. ఏడు రోజుల సంగతి. ఈసారి గెలిస్తే పెద్ద ఫ్రిజ్ ఇస్తారు, విహారానికి. ఎండాకాలం ఊరంతా ఐసు నీళ్ళు తాగొచ్చు."

"పేంగ్ పేరు?"

"పందెం కాగానే ఈ పేరు కొట్టేసి ఆ పేరు రాసేస్తా. నా మాట నమ్ము." పొగాకు అంచు నాలుకతో తడిపి అంటించాడు. "కానీ ఒకటి. ఈలోగా నువ్వు నోరు జారావనుకో, ఆ కొండపిల్ల కాగితం ఈ జన్మకి రాదు. పడవ నీది, ఊరు నీది. ఆలోచించుకో."

అతను బెదిరించినట్టు కూడా చెప్పలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు చెప్పాడు. బువాఖాంకి ఆ తడి పెదాల మీంచి చూపు తిప్పుకోవాలనిపించింది.

శనివారం కొడుకొచ్చాడు. ఖాంలా పట్నంలో ఇసక లారీ నడుపుతాడు. పుస్తకం చూసి పకపకా నవ్వాడు. "అదేంటమ్మా, నాకు తెలీకుండా నాకు ఇంకో పెళ్ళామా! బావుందా మనిషి?"

"నీ పెళ్ళాం పక్కనే ఉందిరా."

"కాగితం మీదేగా. ఏడు రోజులకే ఏమౌతుంది?" అని పేంగ్ వైపు తిరిగాడు. "ఏమంటావే?"

పేంగ్ చేపల తొట్టిలో నీళ్ళు మారుస్తోంది. తలెత్తకుండానే అంది. "నేను రెండేళ్ళున్నాను. కాగితం మీద ఒక్కరోజూ లేను. ఆమె ఒక్కరోజూ లేదు, కాగితం మీద ఉంది. నాకేం తెలుస్తుంది, ఏది ఏమౌతుందో."

ఖాంలా నవ్వు ఆగిపోయింది. బువాఖాం కొడుకుని చూసింది. పసితనంలో తను పాలిచ్చిన మనిషి. వాడి మీద కూడా, ఒక్క క్షణం, అదే రోత కలిగింది. ఆ రోత కలిగినందుకు తన మీద తనకీ కలిగింది.

పందెం రోజు పొద్దున్నే గట్టు కిటకిటలాడింది. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు. తొమ్మిది ఊళ్ళ పడవలు వరసగా నీళ్ళలో ఊగుతున్నాయి. తెడ్డు ముట్టుకోకముందు చుక్కాని మనిషి పడవ ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోవాలి. అరటాకు పొట్లంలో బంతిపూలూ రెండు వత్తులూ పెట్టి, ఏ బల్లమీద ఎవరు కూర్చుంటున్నారో ఒక్కొక్క పేరే పడవకి చెప్పాలి. పేరు చెప్పని మనిషి బరువు నాంగ్ కేసోన్ మొయ్యదని ఫాకెంగ్ వాళ్ళ నమ్మకం. పందేల కమిటీ గుమాస్తా కూడా అప్పుడే పక్కన నిలబడి తన జాబితాలో టిక్కులు పెట్టుకుంటాడు. వాళ్ళకీ పని తేలిక.

బువాఖాం పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మొదటి బల్ల, రెండో బల్ల. మూడో బల్ల కుడిపక్క మానీ ఉండాల్సిన చోట పట్నం పిల్ల పేరు చెప్పేసింది. అలాగే ఇంకో నాలుగు అబద్ధాలు చెప్పింది. ఎవరి ఇంటి సంగతి వాళ్ళది, వాళ్ళే చెప్పుకోవాలి అనుకుంది. ఎనిమిదో బల్ల అయింది.

తొమ్మిదో బల్ల దగ్గర ఆగింది. బల్ల కింద బబుల్‌గమ్ ఇంకా అలానే ఉంది, దానికి చీమలు పట్టాయి. గట్టుమీద గుంపులో పేంగ్ నిలబడి ఉంది. ఉతికిన సిన్ కట్టుకుని, చేతులు ముందు కట్టుకుని. మామూలుగా, ఎవరి పెళ్ళికో వచ్చిన మనిషిలా.

"తొమ్మిదో బల్ల, ఎడమపక్క," అంది బువాఖాం. "పేంగ్. మా ఇంటి కోడలు."

గుమాస్తా పెన్ను ఆగింది. "ఇక్కడ నాలీ అని ఉందమ్మా."

"ఆ నాలీ ఎవరో నాకు తెలీదు."

థొంగ్‌విన్ గబగబా వచ్చాడు. "వదినకి ఎండ తగిలింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు పాపం."

గుమాస్తా నీరసంగా చుట్టూ చూశాడు. సన్నటి కుర్రమనిషి, చొక్కా వీపుకి అంటుకుపోయింది. గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, పొద్దుటినుంచీ నేను కోడళ్ళనే రాసుకుంటున్నా. తెల్లారి లేస్తే ఈ నదొడ్డున ఎక్కడ చూసినా అల్లుళ్ళే కనిపించేవాళ్ళు, ఒక్కసారిగా ఏమైపోయారో నేను అడగలేదు. మీరన్నది నాకు వినపడలేదనుకుంటా. మళ్ళీ ఒకసారి చెప్పండి."

అంటే అతనికీ తెలుసు. అందరికీ తెలుసు. నిబంధన రాసినవాళ్ళకీ, ముద్ర కొట్టినవాళ్ళకీ, టిక్కు పెట్టేవాళ్ళకీ. ఆ కాగితం మీద పడ్డ కోడి రెట్టే అందరికంటే శుభ్రమైంది అనిపించింది బువాఖాంకి.

"ఆ పిల్ల మా ఇంటి కోడలైతే, మా ఇంట్లో అన్నంబుట్ట ఎక్కడ పెడతామో చెప్పమనండి," అంది.

నాలీ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని నవ్వింది. "ఎక్కడ పెడతారు? ఫ్రిజ్ మీద."

"మాకు ఫ్రిజ్ లేదే తల్లీ. దానికోసమేగా నిన్ను తెచ్చారు."

గట్టు గొల్లుమంది. పక్క పడవల వాళ్ళు కూడా మెడలు సాచి చూశారు. ఇంక వినపడలేదనడానికి గుమాస్తాకి వీల్లేకపోయింది. నిట్టూర్చి, జాబితా మీద అడ్డంగా గీత గీశాడు. "ఒక్క పేరు తప్పినా మొత్తం పడవ పోతుంది. ఇది ఊరి ఆడవాళ్ళ తరగతిలో లేదు. కావాలంటే అందరి పందెంలో దిగండి."

"అందులో మా క్లబ్బు పడవ ఉంది, మేం మా వాళ్ళ మీదే తెడ్డు వెయ్యం," అంది నాలీ. తొమ్మిదిమందీ బూట్ల చప్పుడు చేసుకుంటూ దిగిపోయారు.

థొంగ్‌విన్ ముఖం కందగడ్డలా అయింది. "చూస్తా వదినా. ఆ కొండపిల్ల పేరు నా చేత్తో ఎలా రాయిస్తావో చూస్తా." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా కొందరు గొణిగారు. వచ్చే ఫ్రిజ్‌ని చేతులారా తోసేసిందని ఒకావిడ. ఎవరి కోడలి కోసమో ఊరంతా ఎందుకు ఓడాలని ఇంకో ఆవిడ. అడగాల్సిన మాటే అడిగారు అనుకుంది బువాఖాం.

మానీ మాత్రం నోట్లో వక్క ఉమ్మేసి, సిన్ మోకాళ్ళదాకా ఎగదోపి, చెప్పులు గట్టుమీదే విడిచి పడవలోకి దిగింది. "జరగండే. నా మూడో బల్ల నాకు వదలండి." తీసేసిన మిగిలిన ఏడుగురూ ఒక్కొక్కరే వచ్చారు. చివరికి పేంగ్. ఆమె ముందు వంగి, బల్ల కిందున్న బబుల్‌గమ్‌ని గోరుతో గీకి తీసింది. తర్వాత కూర్చుంది.

బువాఖాం పేర్లన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

అందరి పందెంలో ఐదు పడవలు దిగాయి. నాంగ్ కేసోన్ ఐదోది. నాలుగో పడవ వాళ్ళు గట్టెక్కి తలలు తుడుచుకుంటుంటే వీళ్ళింకా నది మధ్యలో ఉన్నారు. మైకు వాడు అప్పటికే తర్వాతి పందెం పేర్లు చదువుతున్నాడు. ఊరి ఆడవాళ్ళ తరగతిలో దోన్‌సావ్ గెలిచింది, పదిహేనుమంది కోడళ్ళతో. ఫ్రిజ్‌ని వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే చూసింది బువాఖాం. దానికి ఎర్ర రిబ్బను కట్టారు.

"గుండె నోట్లోకొచ్చింది నాకు," అంది మానీ రొప్పుతూ. "ఇంకో నూరు బారలుంటే అక్కడే పోయేదాన్ని. నా శవాన్ని ఏ తరగతిలో రాసేవాళ్ళో."

మూడు రోజులు గడిచాయి. ఊరిపెద్ద ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం అతనే వచ్చాడు, అదే నల్లసంచితో. వెనక మోటారుసైకిలు మీంచి నాలీ దిగింది.

"పుస్తకం ఇవ్వు. ఈ పేరు కొట్టెయ్యాలి," అన్నాడు ముక్తసరిగా.

"తొందరేముంది?"

చెప్పింది నాలీయే. ఆ పిల్లకి దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. "ఎల్లుండి కింది పట్నంలో పందెం అత్తా. అక్కడ ఇంకో ఇంట్లో కోడలిగా రాయాలి నన్ను. ఇక్కడ కొట్టేస్తే గానీ అక్కడ రాయరట. మిగతా ఎనిమిదిమందివీ అయిపోయాయి. నీ ఒక్కదాని పుస్తకమే."

బువాఖాం ఆ పిల్లని ఎగాదిగా చూసింది. చిన్నపిల్ల. అరచేతుల్లో బొబ్బలు పగిలి ఉన్నాయి. ఏడాదికి ఎంతమంది అత్తలో ఈమెకి. అసహ్యం ఆమె మీద నిలబడక, పక్కనున్న మనిషి మీదికి జారింది.

"అయితే నువ్వింకా నా కోడలివేనన్నమాట," అంది. "రా, కూర్చో. బియ్యం నానాయి, పొయ్యి మీద పెట్టు. మరిదీ, పేంగ్ పేరు రాస్తే ఈ పేరు కొట్టేసుకోవచ్చు. ముందు అది, తర్వాత ఇది."

"దానికి కాగితం రావాలని చెప్పానా? మూడు ముద్రలు..."

"వచ్చేదాకా ఈమె మా ఇంట్లో ఉంటుంది. మాకు రెండు చేతులు కలిసొస్తాయి. వరికోతలు దగ్గరపడ్డాయి."

నాలీ థొంగ్‌విన్ వైపు తిరిగింది. "ఏంటి బాబాయ్ ఇది? ఒక్కరోజు పని అన్నావు. మా కోచ్‌కి ఫోన్ చెయ్యనా?"

థొంగ్‌విన్ సంచి తెరిచాడు. పొగాకు పొట్లం, ఊదారంగు సిరా డబ్బా, ముద్ర బల్ల మీద పెట్టాడు. సంచి అడుగున చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పడ్డ ఒక కాగితం లాగాడు. మడతల్లో పొగాకు పొడి రాలింది. విప్పి బల్ల మీద పరిచాడు.

బదిలీ కాగితం. పేంగ్ పేరు, కొండమీది ఊరిపేరు, కింద మూడు ముద్రలు. మూడూ ఉన్నాయి. తేదీ పోయినేడు వానాకాలంది.

అతను పేరు రాశాడు, ముద్ర కొట్టాడు, పై వరసలో నాలీ పేరు మీద గీత గీశాడు. పొయ్యి మీద నీళ్ళు ఇంకా మరగలేదు, పని అయిపోయింది. రెండేళ్ళ పని.

పేంగ్ వంగి చూసింది. సిరా ఆరని తన పేరుని వేలితో ముట్టుకోబోయి ఆగింది. "ఇంతేనా?" అంది.

"ఇంతే," అంది బువాఖాం.

థొంగ్‌విన్ సంచి సర్దుకున్నాడు గానీ లేవలేదు. అలవాటు చొప్పున పొయ్యి వైపు చూశాడు. పేంగ్ అది గమనించి మెల్లగా అడిగింది. "అన్నం పెట్టనా అత్తా వీళ్ళకి?"

"ఆ పిల్లకి పెట్టు. దూరం పోవాలి. మీ చిన్నమామ మన బాతు తిన్నాడుగా, ఇంకా అరిగి ఉండదు."

అతను లేచి వెళ్ళిపోయాడు. నాలీ నిలబడే మూడు ముద్దలు మిరపపచ్చడిలో అద్దుకుని తిని, అందరికీ చేతులు జోడించి, మోటారుసైకిలు ఎక్కింది.

బల్ల మీద సంచి పెట్టినచోట పొగాకు పొడి, సిరా డబ్బా అడుగు ముద్ర ఊదారంగులో గుండ్రంగా మిగిలాయి. బువాఖాం పిడికెడు బూడిద తెచ్చి అక్కడ చల్లి, కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టింది. పొడి పోయింది. మరక పోలేదు. పేంగ్ వచ్చి బల్ల అటుపక్క నిలబడి, ఇంకో పీచు ముక్క తీసుకుని తనూ తోమింది.